ఫక్రుద్దీన్ సారూ, నిలబడని కట్టే

మా ఫక్రుద్దీన్ సారు తన సర్వీసు మొత్తంలో ఎవరికీ ఏదీ చెప్పలేదు. అంటే ఆయన మూగవాడని కాదు, పాఠాలు ఎగ్గొట్టాడనీ కాదు. క్రికెట్ గురించీ, మామిడిపళ్ల గురించీ గంటలకొద్దీ మాట్లాడగల మనిషి. కానీ "ఇది ఇట్ల చెయ్యి" అన్న మాట మాత్రం ఆయన నోటి నుంచి రాగా విన్నవాళ్లు లేరు. మీ పని మీరు చెయ్యాలి. బాగుంటే "శభాష్" అని జేబులోంచి పిప్పర్మెంటు బిళ్ల తీసి చేతిలో పెడతాడు. బాగాలేకపోతే తల అడ్డంగా ఊపి "ఊహూఁ" అంటాడు. ఏం బాగాలేదో చెప్పడు. ఎట్లా బాగుచెయ్యాలో అసలే చెప్పడు. మీరు జుట్టు పీక్కోవలసిందే.

నల్లగొండకూ చిట్యాలకూ మధ్య రోడ్డు పక్కన ఆ రోజుల్లో ఒక కమిటీవారి పాలిటెక్నిక్ ఉండేది. ఇప్పుడు లేదు కాబట్టి పేరెందుకు? ఆయన అక్కడ ఎలక్ట్రికల్ లెక్చరరు. నేను డ్రాయింగు. నా పేరు రామచంద్రం. ఇద్దరం నల్లగొండలో పక్కపక్క ఇళ్లలో ఉండి, ఒకే బస్సులో వేలాడుతూ పోయి వచ్చేవాళ్లం.

ఆయన ముందే ఇల్లు చూసుకుని పోయి, తర్వాత సామానుతో ఊళ్లో దిగిన రోజు కథ చోటే మియా అనే రిక్షాఅతను చెప్పగా విన్నాను. ట్రంకుపెట్టెతో బస్టాండులో రిక్షా ఎక్కాడట.

"ఎక్కడికి సాబ్?"

"పోనియ్."

"ఎటు పోనియ్యాలె?"

"నీకెటు అనిపిస్తె అటు పోనియ్."

చోటే మియా గడియారం సెంటరు వైపు తొక్కాడు. వెనకనుంచి "శభాష్" అని వినిపించింది. హుషారుగా కుడికి తిప్పాడు. "ఊహూఁ." ఎడమకు తిప్పాడు. "ఊహూఁ." వెనక్కి తిప్పాడు. "శభాష్." అట్లా ఊరంతా చుట్టి, తిరిగిన గల్లీలోనే మళ్లీ తిరిగి, చివరికి ఇంటి ముందు ఆగేసరికి చోటే మియా చొక్కా పిండితే బకెట్ నిండేట్టుంది.

"సాబ్, జర ముందే చెప్తె దించిపోదును గద!"

"చెప్తే రేపటికి మర్చిపోతవ్. తిరిగి తెలుసుకున్నవ్ గద, సచ్చేదాక యాదుంటది," అని ఒక పిప్పర్మెంటు చేతిలో పెట్టి లోపలికి పోయాడు. ఆ మాట నిజమే. చోటే మియా మా పక్కింటి అడ్రసు తన సొంత పిల్లల పేర్లు మర్చిపోయినా మర్చిపోలేదు.

మంగలి దగ్గర కూడా ఇదే వరస. "ఇంత చాలా సారూ?" అంటే "ఊహూఁ". ఇంకొంచెం తీసి "ఇప్పుడో?" అంటే "ఊహూఁ". ఆయన ఉద్దేశం ఎక్కువ తీశావని. మంగలికి అర్థమైంది ఇంకా తియ్యాలని. పాపం, ఆ సాయంత్రం ఆయన భార్య సకీనా భాభీ తలుపు సందులోంచి చూసి "సార్ ఇంట్ల లేరు, తర్వాత రాండ్రి" అని గొళ్లెం పెట్టేసింది.

ఆ భాభీ పెళ్లైన కొత్తలో చాయ్‌తో పడ్డ పాట్లు వేరే కథ. చక్కెర ఎక్కువైందో తక్కువైందో, పాలు పలచనో చిక్కనో ఆ మహానుభావుడు చెప్పడు. ఆమె రకరకాలుగా కాచి కాచి, చివరికి ఒకనాడు "శభాష్" సంపాదించింది. మర్నాటి నుంచి చెప్పకుండా ఆయన విద్యనే ఆయన మీద తిప్పింది. కూరగాయలు తెస్తే సంచిలోకి చూసి "ఊహూఁ" అనేది. వంకాయలు పుచ్చా, బెండకాయలు ముదురా, అసలు తేవలసింది దొండకాయలా? చెప్పేది కాదు. సారు మార్కెట్టుకూ ఇంటికీ మధ్య సైకిల్ తొక్కుతూ నాకు కనిపించినప్పుడల్లా నేను మాత్రం కడుపారా నవ్వుకునేవాణ్ని.

"భయ్యా, నవ్వకుండ్రి. ఈయన నాకు చాయ్ నేర్పిండు, నేను ఈయనకు సంసారం నేర్పుతున్న," అనేది భాభీ.

ఒకసారి చిట్యాల బస్టాపులో ఎవరో పెద్దాయన "బాబూ, గీ బస్సు నందికొండ పోతదా?" అని అడిగాడు. సారు చిరునవ్వు నవ్వి "ఎక్కి చూడుండ్రి" అన్నాడు. నేను పరిగెత్తి పోయి ఆ పెద్దాయన్ని హైదరాబాద్ బస్సులోంచి దింపాను.

ఇట్లాంటి మనిషికి ఎనభై తొమ్మిదిలో హైదరాబాదు లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పత్రిక కనిపించింది. ఆ సాయంత్రం గోడ దూకినంత పని చేసి మా ఇంటికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"రామచంద్రం! నా లెక్కనే ఆలోచించెటోళ్లు ఇంకో దేశంల ఉన్నరు!"

"పాపం వాళ్ల పెళ్లాలు," అన్నాను.

"మిషన్లకు గిట్లనే నేర్పుతున్నరు భాయ్! ఏం చెయ్యాలెనో చెప్పరు. మంచిగ చేస్తే శభాష్, చెడగొడితె ఊహూఁ. గంతే. మిగిలింది అదే తెలుసుకుంటది!"

ఇక ఆయన్ని పట్టే మొనగాడు లేడు. కాలేజీలో ఖాళీగా ఉన్న ఒక గది సంపాదించాడు. నిజానికి ఆ గది మీద నాకు ఎప్పటినుంచో కన్నుంది. నా డ్రాయింగు బల్లలు వరండాలో ఎండకు ఎండి వానకు తడుస్తున్నాయి. అయినా స్నేహధర్మం కొద్దీ ఊరుకున్నాను.

ఆ గదిలో ఆయన కట్టిన యంత్రం ఇదీ. బల్ల మీద రెండు ఇనపకమ్ములు పట్టాల్లాగా. వాటి మీద చిన్న బండి. బండిని అటూ ఇటూ లాగడానికి జడ్చర్లలో పాత లారీ నుంచి ఊడబెరికిన వైపర్ మోటారు. బండి మీద మడతబందుతో నిలబెట్టిన ఒక మూరెడు కట్టె. కట్టె ఎంత వంగిందో కనిపెట్టడానికి పాత రేడియో తాలూకు వాల్యూం తిప్పుడుబిళ్ల. వీటన్నిటికీ యజమానిగా కాలేజీలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు. కట్టె ఎటు వాలబోతే బండి అటు చప్పున జరిగి దాన్ని పడకుండా కాపాడాలి. చిన్నపిల్లలు అరచేతిలో చీపురుపుల్ల నిలబెట్టే ఆటే.

"దీనికి లెక్కలు కట్టి సూత్రం రాసి ఇవ్వరాదా?" అని అడిగాను.

"ఏం సూత్రం రాయాలె? కట్టె జరంత వంగితే జరంత జరిగితె సాలు. ఎక్కువ వంగితె దానికి నాలుగింతలు జరిగినా సాలది. పట్టా వంకర. బెల్టు వదులు. మోటరు బుద్ధి పొద్దున ఒక తీరు, మాపున ఒక తీరు. ఇగ నల్లగొండ కరెంట్ సంగతి నేను చెప్పాల్నా? నేను లెక్క రాసే లోపల లెక్కే మారిపోతది. దాన్నే పడి లేవనియ్."

పడటం మాత్రం అది మొదటిరోజే నేర్చుకుంది. కట్టె నిలబెడతారు. బండి బెదిరిన దూడలా అటో ఇటో ఒక్క దూకు దూకుతుంది. టప్! కంప్యూటరుకు "ఊహూఁ" అందుతుంది. మళ్లీ నిలబెడతారు. టప్! పక్క గదిలో పాఠం చెప్పేవాళ్లు టప్పుకు టప్పుకు మధ్య వాక్యం పూర్తిచేయడం అలవాటు చేసుకున్నారు.

సరిగ్గా ఆ వానాకాలంలోనే మా అటెండరు బీరన్నకు పక్షవాతం వచ్చింది. బీరన్న అంటే మా కాలేజీకి గడియారం. వరండాలో వేలాడదీసిన రైలుపట్టా ముక్కను ఇనపకడ్డీతో కొడితే చిట్యాల దాకా వినిపిస్తుందని ప్రతీతి. మాట నిలిచింది, కాలు కోలుకుంది గానీ కుడిచెయ్యి మాత్రం చచ్చుపడి పక్కన వేలాడింది. దవాఖానలో "చేత్తో పని చేయిస్తనే ఉండాలె, ఊకుంచితే ఎండిపోతది" అన్నారు. ఆయన భార్య గోపమ్మ రబ్బరు బంతి కొనిచ్చి పిసకమంటే, నాలుగుసార్లు ప్రయత్నించి బంతిని గొర్రెల దొడ్లోకి విసిరి గోడవైపు తిరిగి పడుకున్నాడట. విసిరింది కూడా ఎడమచేత్తోనే.

ప్రిన్సిపాల్ పర్వతాలు సారు చెడ్డవాడు కాదు గానీ కమిటీ అంటే ఆయనకు చలిజ్వరం. "గంట కొట్టలేని అటెండర్‌ను పెట్టుకుంటే నన్నడుగుతరు. ఏం జెయ్యాలె?" అని తల పట్టుకున్నాడు. బీరన్న ఇంట్లో సంపాదించే చెయ్యి అదొక్కటే. గోపమ్మ వరండాలో కూలబడి ఏడ్చింది.

అప్పుడు ఫక్రుద్దీన్ సారు ఏమీ ఎరగనట్టు లోపలికి వచ్చాడు. "సార్, నా కట్టె లేపనీకి మనిషి గావాలె. బీరన్న అయితే సాలు."

పర్వతాలు సారుకు ప్రాణం లేచొచ్చింది. "సరే. నీ మిషన్ పని అయ్యేదాక ఉంచుకో. ఎండాకాలం ముంగట కమిటీ వస్తది. అప్పటికి నీ కట్టె నిలబడాలె. పని అయినంక బీరన్న గంట కొట్టగలిగితే ఉంటడు, లేకుంటే ఇంటికి పోతడు."

అట్లా బీరన్న ఆ గదిలో స్టూలు మీద కూర్చున్నాడు. కట్టె పడటం, ఆయన లేపడం. మొదటిరోజు అలవాటుగా ఎడమచెయ్యి చాచాడు. సారు కంగారుగా "ఊహూఁ!" అన్నాడు.

"కుడిచెయ్యి లేస్తలేదు గద సారూ!"

"శుభమా అని మిషన్ సదువు నేర్సుకుంటాంది, ఎడమచెయ్యి పెడ్తవా బీరన్నా? ఎన్నడన్న పిల్లగానికి ఎడమచేత్తో అక్షరాలు దిద్దిపిచ్చినవా?"

జన్మలో ఒకసారి సారు తన "ఊహూఁ"కు కారణం చెప్పాడు కదా అని నేను ఆశ్చర్యపోయాను. బీరన్నకు మాత్రం న్యాయంగానే తోచింది. ఎడమచేత్తో కుడిచేతిని పట్టి ఎత్తి, దాని వేళ్లను కట్టె చుట్టూ ఒక్కొక్కటిగా చుట్టి, చెమటలు కక్కుతూ లేపాడు. బండి కదిలింది. టప్! మళ్లీ మొదలు.

నాకు చూడలేక ఒకనాడు మెకానికల్ వాళ్లచేత స్ప్రింగు ఒకటి చేయించి తెచ్చాను. కట్టె పడగానే తనే లేస్తుంది. సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఊహూఁ" అని కిటికీలో పెట్టాడు. ఇంత మొండితనమేమిటని వారం రోజులు మాట్లాడలేదు నేను. ఆయన గమనించలేదు.

కట్టె ఎప్పుడైనా నిన్నటికంటే రెండు క్షణాలు ఎక్కువ నిలబడితే "శభాష్!" అని కేక. మిషనుకు నోరు లేదు కాబట్టి దాని తరఫున పిప్పర్మెంటు బీరన్న తినేవాడు. నెలలు గడిచేకొద్దీ ఆయనకు ఆ కట్టె మీద కన్నబిడ్డ మీదున్నంత మమకారం పుట్టింది. "ఇయ్యాల మంచిగ నిలబడుతాందమ్మా! జరంత తాళు, జరంత తాళు," అని దాంతో మాట్లాడేవాడు. గోపమ్మ నాతో మొత్తుకుంది. "ఇంటికొచ్చినా గదే ముచ్చట సారూ. సారు ఇజ్జత్ దక్కాలె, కట్టె నిలబడాలె అని బీరప్పకు మొక్కిండు. తన చెయ్యి సంగతి అడిగితె, 'ఏ చెయ్యి?' అంటాండు!"

ఇదీ విచిత్రం. మిషను బాగా నేర్చుకుంటున్నట్టే ఉండేది. ఇక నిలబడ్డట్టే అనుకునేంతలో సారు నాలుక కరుచుకుని "అరే, కరెంట్ పోయె!" అనేవాడు. కరెంటు పోతే ఆ కంప్యూటరు నేర్చిందంతా మర్చిపోయేది. మళ్లీ బెదిరిన దూడ. మళ్లీ టప్. నల్లగొండలో కరెంటు పోవడం వార్త కాదు కాబట్టి అందరం నిట్టూర్చి ఎవరి గదికి వాళ్లం పోయేవాళ్లం. నేర్చినదాన్ని దాచుకోవడానికి కాలేజీ ఒక క్యాసెట్ రికార్డరు కూడా కొనిచ్చింది. సారు దాంట్లో గజళ్లు వింటూ "క్యాసెట్‌ల ఉన్నది సదువెట్లయితది? కంఠస్తం రావాలె" అనేవాడు. పర్వతాలు సారు పళ్లు నూరేవాడు. స్టాఫ్‌రూములో మేమంతా సారు వెనక నవ్వేవాళ్లం. నేర్పేవాడికే నేర్పడం రాదు, మిషనుకేం వస్తుందని.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను కొలిచే టేపు పట్టుకుని కాలేజీకి పోయాను. కమిటీ వచ్చే వారం వస్తుంది. కట్టె ఎట్లాగూ నిలబడదు. గది ఖాళీ అయితే నా బల్లలు ఎన్ని పడతాయో కొలుచుకుందామని. ఏం చేస్తాం, మనిషి ఆశ!

కిటికీలోంచి చూస్తే సారు ఒక్కడే ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసింది. ఎదురుగా బల్ల మీద కట్టె నిలబడి ఉంది. బండి అటు కాస్త, ఇటు కాస్త, నిద్రపోతున్న బిడ్డ ఉయ్యాల ఊపినంత మెల్లగా కదులుతోంది. కట్టె పడలేదు. నేను ఊపిరి బిగబట్టాను. పడలేదు. సారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. కాసేపటికి ఒక పిప్పర్మెంటు నోట్లో వేసుకుని, "మాఫ్ కర్నా బేటా" అని మోకాలుతో బల్ల కింద ఏదో మీట నొక్కాడు. టప్!

నేను తలుపు తోసుకుని లోపలికి పడ్డాను. "నిలబడ్డది! నేను చూసిన! ఎందుకు పడగొట్టినవ్?"

"కరెంట్ పోయింది."

నేను పైకి చూశాను. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. సారు కూడా పైకి చూసి, దొంగ దొరికినట్టు నవ్వాడు.

"కరెంట్ పోయిందన్న ప్రతిసారీ ఫ్యాన్ తిరుగుతనే ఉండె రామచంద్రం. ఈ కాలేజీల ఒక్కడన్న తలెత్తి చూస్తడేమో అని నాకు భయం. ఎవడు చూసిండు? పోయిందంటే పోయిందనుకునుడు అలవాటైపాయె."

"మరి ఇది ఎన్నడు నిలబడ్డది?"

"దసరా ముంగట్నే. అప్పటిసంది ఆదివారం ఆదివారం వచ్చి నేనే లేపుకుంట నేర్పుకుంట. మధ్యాహ్నానికి నిలబడుతది. కొంచెంసేపు కళ్లార చూసుకోని బంద్ చేస్త. నాకూ ఆశ ఉంటది గద భాయ్."

"మరి ఎవరికీ చెప్పవేందయ్యా?"

"నిలబడ్డదని తెలిస్తే పర్వతాలు సారు ఫొటో తీపిచ్చి గోడకేస్తడు. బీరన్నను ఇంటికి పంపుతడు. చెయ్యి ఇంక పూర్తిగ రాలే. పిడికిలి బిగుస్తాంది గని పట్టు నిలుస్తలేదు. ఇంకో వారం గావాలె."

"బీరన్నకన్నా చెప్పరాదా, ఇది నీ చేతి కోసమేనని?"

"చెప్తే చెయ్యి గురించి ఫికర్ చేస్తడు. చెయ్యి గురించి ఫికర్ చేసినప్పుడు బంతి తీసి విసిరికొట్టిండు. కట్టె మీద రంది పెట్టుకున్నంక చెయ్యి దాని పని అది చేస్కుంటాంది."

"కమిటీ ముందు పరువు పోతది. మీ డిపార్టుమెంట్ హెడ్ పోస్టు నీకు రాదు."

"రాకపోతే మా సకీనా 'ఊహూఁ' అంటది. అలవాటే గద!"

నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో అంత ప్రేమా వచ్చింది. ఇన్ని నెలలు మేమంతా వెనక నవ్వుతుంటే ఆ నవ్వును కూడా జేబులో పిప్పర్మెంట్ల పక్కన వేసుకుని తిరిగాడు ఈ మనిషి. నా నోట్లో నువ్వుగింజ నానదని జిల్లా అంతటికీ తెలుసు. అయినా ఆ వారమంతా నోరు మూసుకుని, టేపు మడిచి జేబులో పెట్టుకుని తిరిగాను. నా జీవితంలో అంత కష్టమైన వారం ఇంకొకటి లేదు.

కమిటీ వచ్చింది. సెక్రటరీగారు జరీ కండువాతో గది మధ్యలో నిలబడ్డాడు. బీరన్న కుడిచేత్తో కట్టె లేపాడు. టప్. మళ్లీ లేపాడు. టప్. మధ్యలో కొంచెం నిలబడబోయింది గానీ సారు మోకాలు ఒకసారి కదిలింది. నేను ఫ్యాను వైపు చూడకుండా ఉండటానికి నా బూట్లనే చూసుకున్నాను.

"ఇదేనా ఏడాది పని?" అని సెక్రటరీ నవ్వాడు. వెనకున్నవాళ్లూ నవ్వారు. "కుక్కతోకకు గొట్టం పెట్టినట్టుంది. గది డ్రాయింగోళ్లకు ఇయ్యుండ్రి." పర్వతాలు సారు మొహం మాడిపోయింది. ఫక్రుద్దీన్ సారు మాత్రం పరీక్ష ప్యాసైనవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇగ ఈ అటెండర్ సంగతేంది? గంట కొట్టగలడా?"

అందరం వరండాలోకి పోయాం. గోపమ్మ స్తంభం పక్కన కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. బీరన్నకు ఇదేమీ పట్టలేదు. ఆయన కళ్లనిండా నీళ్లు. అవి తన కొలువు కోసం కాదు. తన కట్టెను చూసి నలుగురు నవ్వారు.

"నవ్వుతరా? మా సారు మిషన్‌ను చూసి నవ్వుతరా?" అని గొణుగుతూ ఇనపకడ్డీ అందుకున్నాడు. ఎడమచెయ్యి కళ్లు తుడుచుకునే పనిలో ఉంది. అందుకున్నది కుడిచెయ్యి. ఆ కోపంలో ఒక్కటి వేశాడు. రెండోది వేశాడు. మూడో దెబ్బకు రైలుపట్టా ముక్క తాడు తెంపుకుని సెక్రటరీగారి చెప్పుల ముందు ధన్‌మని పడింది. జరీ కండువా రెండడుగులు వెనక్కి గెంతింది.

"ఉండనీ, ఉండనీ! ఇతన్నే ఉండనియ్యి!"

గోపమ్మ అప్పుడు అరిచింది. "ఓ దేవుడా, నీ చెయ్యి సూస్కోయ్యా!" బీరన్న చూసుకున్నాడు. కడ్డీ ఇంకా పిడికిట్లోనే ఉంది. అది అక్కడికెట్లా వచ్చిందో ఆయనకు అర్థం కాలేదు. ఫక్రుద్దీన్ సారు కళ్లద్దాలు తుడుచుకునే నెపంతో అటు తిరిగాడు.

హెడ్ పోస్టు ఇంకెవరికో పోయింది. గది నాకొచ్చింది. నేను ఒక మూల వదిలేసి, "మిషన్ గదిలనే ఉంటది, ఎవడొచ్చి తీస్తడో చూస్త" అన్నాను. ఆ సోమవారం సారు కిటికీలోంచి నా స్ప్రింగు తీసి బిగించాడు. బుధవారానికి కట్టె నిలబడింది. ఈసారి కరెంటు పోలేదు. అసలు సంగతి బీరన్నకు చెబుదామని నేనంటే సారు ససేమిరా అన్నాడు. ఎవరికీ ఏదీ చెప్పనివాడు ఇది మాత్రం ఎందుకు చెబుతాడు?

గురువారం రెండో గంట కొట్టి బీరన్న లోపలికి తొంగిచూశాడు. కట్టె నిటారుగా నిలబడి ఉంది. దగ్గరికొచ్చి, చుట్టూ తిరిగి, నోరు తెరుచుకుని చూశాడు. మెల్లగా కుడిచేతి చూపుడువేలు చాచి, వెన్నముద్దను తాకినట్టు తాకి, రవ్వంత తోశాడు. కట్టె వంగింది. బండి చప్పున జరిగింది. కట్టె లేచి నిలబడింది. బీరన్న ఫక్కున నవ్వాడు. ఇంకొంచెం తోశాడు. అది మళ్లీ లేచింది.

"పడుతలేదు సారూ! ఎంత తోసినా పడుతలేదు!"

ఆ ఆట ఎంతసేపు సాగిందో మాకు తెలియదు. సారూ నేనూ చెరొక బల్లా ఎక్కి కూర్చుని చూస్తున్నాం. కాలేజీలో మాత్రం మూడో పిరియడు ఎంతకీ ముగియలేదు. లెక్కల సారు తనకు వచ్చిన లెక్కలన్నీ అయిపోయి పిల్లలచేత పద్యాలు చదివిస్తున్నాడని తర్వాత తెలిసింది. చివరికి పర్వతాలు సారు వరండా పొడుగునా పరిగెత్తుకొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"బీరన్నా! గంట ఏమాయె? దిమాక్ ఉన్నదా నీకు?"

"ఒక్కపారి ఆగుండ్రి సారూ," అన్నాడు బీరన్న తల తిప్పకుండానే, వేలు చాచి.

పర్వతాలు సారు తిట్టడానికి మళ్లీ నోరు తెరిచాడు. ఆ వేలును చూశాడు. వంగి లేచిన కట్టెను చూశాడు. వెనకాముందూ చూసుకుని, లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"జరుగు," అన్నాడు. "జర నన్నొకసారి తోయనియ్."